ఆ చిన్న రాయి దగ్గరే ఆగిపోయాం

టెక్సాస్ కొండప్రాంతంలోని జర్మన్ వలసదారుల శ్మశానాల గురించి మీరు రాసింది చదవగానే, నిరుడు ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లిన రోజు కళ్లముందు మెదిలింది. మేం ఉండేది ఆస్టిన్‌లో, కారులో గంటన్నర దారి. ఆ ఊరు 1846లో వెలిసింది. పాత సమాధుల మీద అంతా జర్మనే. 'గెబ్.' అంటే పుట్టిన రోజు, 'గెస్ట్.' అంటే పోయిన రోజు. ఇంత తెలిస్తే చాలు, తేదీలు చదివేయొచ్చు. మా అమ్మాయి ఓ చిన్న రాయి ముందు కూర్చుని, నాచు పట్టిన అంకెల మీద వేలు పెట్టి లెక్కేసింది. పదకొండు నెలలు. కాసేపు మాకెవరికీ నోట మాట రాలేదు.

అసలు ఇక్కడిదాకా చేరనివాళ్ల గురించి కూడా రాయాల్సింది. 1846లో టెక్సాస్ సముద్రతీరంలోని ఇండియనోలా దగ్గర ఓడ దిగినవాళ్లకు బండ్లు దొరకలేదు, మెక్సికోతో యుద్ధానికి అమెరికా సైన్యం వాటిని పట్టుకుపోయింది. వానలో, గుడారాల్లో, జ్వరాలతో వందలమంది పోయారు. వాళ్లలో చాలామందికి గుర్తుగా రాయి కూడా లేదు.

వీలైతే కంఫర్ట్ ఊళ్లోని స్మారక స్తంభం కూడా చూడండి. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరసీకి (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి) లొంగక, 1862లో న్యుయేసెస్ నది దగ్గర చనిపోయిన జర్మన్ల ఎముకలు మూడేళ్లు అక్కడే పడి ఉన్నాయి. 1865లో అయినవాళ్లే వెళ్లి, ఏరి తెచ్చి, కంఫర్ట్‌లో పూడ్చిపెట్టుకున్నారు.