యాభై ఆరు విస్తళ్లు, నలుగురికే వడ్డన

వియ్యం అనేది రెండిళ్ల సొంత గొడవ, మూడోవాడికి పనిలేదని పెద్దలంటారు. ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’ అనే కొట్లాట వీడియో గేము విషయంలో ఈ సూత్రం చెల్లదని సవినయంగా మనవి చేస్తున్నాను. అక్కడ జరిగిన వడ్డనలో ఘోరమైన పంక్తిభేదం ఉంది.

మగపెళ్లివారు ఒసాకాలో వీడియో గేములు చేసుకునే క్యాప్‌కామ్. ఆడపెళ్లివారు న్యూయార్క్‌లో బొమ్మల కథల పుస్తకాలు వేసే మార్వెల్. 1996లో దివాలా పిటిషన్ పెట్టుకున్నా వంశ ప్రతిష్ఠకు మాత్రం లోటు లేని ఇల్లు. 1994లో మార్వెల్ వీరుల జట్టు ఎక్స్‌మెన్ మీద క్యాప్‌కామ్ చేసిన గేముతో పెళ్లిచూపులు అయ్యాయి. 1996లో క్యాప్‌కామ్ సొంత కొట్లాట గేము స్ట్రీట్ ఫైటర్ మనుషుల్నీ ఎక్స్‌మెన్‌నీ ఎదురెదురుగా నిలబెట్టి తాంబూలాలు మార్చుకున్నారు. 2000లో అసలు విందు. ముందు డబ్బులేసి ఆడే ఆర్కేడ్లలో, అదే ఏడాది టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే సెగా డ్రీమ్‌కాస్ట్‌ మెషీన్లో.

పిలుపుల్లో తప్పు పట్టలేం. ఆడుకోవడానికి ఇటునుంచి 28 పాత్రలు, అటునుంచి 28 పాత్రలు. అయితే డ్రీమ్‌కాస్ట్ ఇంటికి వచ్చేసరికి సగానికి పైగా అతిథులు గుమ్మం బయటే ఉండిపోయారు. మనం ఆడి ఆడి పాయింట్లు కూడబెట్టి, వాటితో ఒక్కొక్కరినీ కొనుక్కుని లోపలికి తెచ్చుకోవాలి. శుభలేఖ వాళ్లు వేయించారు, చుట్టాలకు బస్సు టికెట్లు మాత్రం మనం తీయాలి. తీశాం. వేళ్లు బొబ్బలెక్కేలా తీశాం.

తీరా అందరూ బంతిలో కూర్చున్నాక పెద్ద పోటీల్లో వడ్డన, అంటే గెలిచే బలం, ఎవరికయ్యా అంటే మాగ్నెటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్. నలుగురంటే నలుగురు. అందరూ ఆడపెళ్లివారే! పొయ్యి దగ్గర నిలబడి వండిందేమో మగపెళ్లివారు. సొంతింటి పెద్దబిడ్డ, స్ట్రీట్ ఫైటర్ హీరో ర్యూ ఎన్నేళ్లుగానో ఆ కుటుంబాన్ని పోషించినవాడు. అతనికి విస్తట్లో ఆవకాయ ముక్క పడింది, అంతే.

మాగ్నెటో ఒకసారి అందుకున్నాడంటే అవతలివాడి కాలు నేల మీద ఆనదు. స్టార్మ్ గాల్లోంచి దిగదు. కేబుల్ గాల్లోకి ఎగిరి తుపాకీ పేలుస్తాడు, దిగకముందే మళ్లీ పేలుస్తాడు, పవర్ బార్ ఖాళీ అయ్యేదాకా అదే పని. సెంటినెల్ అయితే ఇంతెత్తు ఇనుప రోబో. అంత ఒళ్లు వేసుకుని ఎగురుతుంది కూడా. భౌతికశాస్త్రం ఏమైపోయిందని అడిగినవాడు లేడు.

జట్టుకు ముగ్గురు కదా, మూడో కుర్చీ అయినా సామాన్యుడికి దక్కుతుందేమో అనుకున్నాను. అక్కడ క్యాప్టెన్ కమాండోను కూర్చోబెట్టారు. పేరులోనే కంపెనీ పేరు దాచుకున్న మనిషి. ఆయన పనల్లా, బటన్ నొక్కగానే పరుగున వచ్చి, ఒక మెరుపు స్తంభం లేపి, వెళ్లిపోవడం. గ్యాస్ సిలిండర్ మార్చడానికి మాత్రమే గుర్తొచ్చే పక్కింటి అబ్బాయిలా. పాపం, ఆయన ఎదురు తిరిగిన దాఖలా లేదు.

వుల్వరిన్‌ది మరో కథ. ఇనుప గోళ్లతో ఒకసారి, ఎముక గోళ్లతో ఒకసారి, ఒకే మనిషి రెండు విస్తళ్ల ముందు కూర్చున్నాడు. రెండిట్లోనూ పెద్దగా ఏమీ పడలేదు. డాన్ సంగతి ఎత్తితే గొంతు పూడుకుపోతుంది. ఎస్ఎన్‌కే అనే పోటీ కంపెనీ వీరుల్ని వెక్కిరించడానికి పుట్టించిన పాత్ర అతను. పుట్టుకే ఎగతాళి అయినవాడికి బలం ఎవరిస్తారు? ఇంత అన్యాయం జరుగుతుంటే వెనకాల కత్తులకూ గుద్దులకూ బొత్తిగా పొసగని జాజ్ సంగీతం. మనుషుల్ని ఎంచుకునే తెర మీదైతే ఒకావిడ షికారుకు తీసుకెళ్తానని పాడుతూనే ఉంటుంది.

ఈ రోజుల్లో అయితే నెలకో అప్‌డేట్ వదిలి మాగ్నెటో కాళ్లు నరికేవాళ్లు, డాన్‌కు రేషన్ పెంచేవాళ్లు. అప్పట్లో డిస్క్ అంటే డిస్కే. అచ్చయిన తప్పు అచ్చయినట్టే ఉండిపోయేది. జనం దాన్ని తిట్టుకుంటూ, ఏళ్ల తరబడి ఆ తప్పులోనే కొత్త కొత్త దారులు తవ్వుకుంటూ ఆడారు. ఇది నా వాదనకు కాస్త ఇబ్బంది కలిగించే విషయం కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

డ్రీమ్‌కాస్ట్ 2001లోనే కన్నుమూసింది. 2009లో ఈ గేమును ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3లకు డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. 2013 చివర్లో వియ్యంకుల ఒప్పందం కాగితాలు చెల్లిపోయి, అక్కడినుంచీ తీసేశారు. మళ్లీ పాత గేముల సంకలనంలో భాగంగా బయటికొచ్చింది 2024లో.

సమన్యాయ ఉద్యమాన్ని ఆ రోజే మొదలుపెట్టాను. డాన్‌తో పాటు క్యాప్‌కామ్ వారి బలహీన పాత్రలు రోల్, సర్వ్‌బాట్‌లతో అణగారినవారి జట్టు కట్టి ఆన్‌లైన్‌లోకి దిగాను. సర్వ్‌బాట్ మోకాలెత్తు మనిషి, అవతలివాడి గుద్దులు కొన్ని నెత్తి మీదుగా పోయాయి. చరిత్ర మలుపు తిరుగుతోందనుకున్నాను. ఆట గడియారం 99 నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. 80 కూడా చూడలేదు.

రెండో ఆటకు మాగ్నెటోను తీసుకున్నాను. శత్రువు గుట్టు తెలుసుకోవడానికి మాత్రమే.