నౌపడ లేని రైలు

కిందటి వైశాఖంలో మా వీధి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఏ రాష్ట్రం నుంచో అనుకునేరు. పర్లాకిమిడి ఏ రాష్ట్రంలో ఉండాలన్న గొడవ మా తాతలు పడ్డారు, 1936 ఏప్రిల్ 1న అది తేలిపోయింది కూడా. మేం విడిపోయింది ఇంటర్నెట్టు కంపెనీ నుంచి.

కారణాలు చరిత్రకి ఎక్కాలి గనక వివరంగా చెబుతాను. కాలవ తవ్వడానికి వచ్చిన జేసీబీ తీగ తెంపి, తన దారిన తను పోయింది. కంపెనీకి ఫోను చేస్తే తెలుగుకి ఒకటి నొక్కమన్నారు. నొక్కాను. అమ్మాయి మర్యాదగా విని, "మీ ఊరు ఒడిశా సర్కిల్లో ఉంది సార్, ఒడియా విభాగానికి కలుపుతాను" అంది. ఒడియా విభాగం అబ్బాయి ఇంకా మర్యాదగా విని, మీ తీగ పాతపట్నం వైపు నుంచి వస్తోంది, అది ఆంధ్రా సర్కిలు, తెలుగు విభాగానికి కలుపుతానన్నాడు. పాతపట్నం మాకు పొరుగూరే. అయినా ఆ రెండు సర్కిళ్ళ మధ్య నేను పంతొమ్మిది రోజులు తిరిగాను. బిల్లు మాత్రం ఏ సర్కిలునీ అడక్కుండా ఒకటో తారీకు పొద్దున్నే వచ్చేసింది.

పంతొమ్మిదో రాత్రి ఇంజినీరింగు మూడో ఏడు చదువుతున్న మా మేనల్లుడు ఒక మాటన్నాడు. "మావయ్యా, ఆళ్ళతో మనకి పనేటి? మన నెట్‌వర్కు మనమే ఏసుకుందుం."

వేరే ఊళ్ళో అయితే ఈ మాటకి నవ్వేవారు. మాది సొంత రైలు వేసుకున్న ఊరు. పెద్ద లైను మమ్మల్ని తాకకుండా నౌపడ మీదుగా వెళ్ళిపోతే, మా రాజావారు అర్జీలు రాస్తూ కూర్చోలేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి దాదాపు 40 కిలోమీటర్లు సొంత పట్టాలు పరిపించుకున్నారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. మొదట్లో కొన్నేళ్ళు నష్టం, తరవాత కాస్త లాభం, 1931 నాటికి గుణుపురం దాకా పొడిగింపు. సొంత రైలు నడిపినవాళ్ళకి సొంత వైఫై ఒక లెక్కా?

(ఏప్రిల్ 1ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. అది మమ్మల్ని వదలదు.)

వెంటనే సాధన సమితి ఏర్పడింది. మొత్తం పదకొండు ఇళ్ళు. ఏడు తెలుగువి, నాలుగు ఒడియావి. రిటైరైన హెడ్మాస్టరు గారు అధ్యక్షుడు. ఇంట్లో రబ్బరు స్టాంపు ఉన్న కారణాన నేను కార్యదర్శిని. ఎదురింటి మామ్మగారు మాత్రం, "నాకున్నది నాకు చాల్లే బాబూ" అని చేరలేదు. ప్రతి ఉద్యమానికీ ఇలాంటివాళ్ళు ఒకరుంటారని మాస్టారు మినిట్స్ బుక్కులో రాయించారు.

మొదటి సమావేశంలో గాలి ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. కుర్రాడు లేచి వివరించాడు. వైఫై తరంగాలు నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ప్రభుత్వం 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోమని వదిలేసింది. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద ముక్కని 2018 అక్టోబరులో వదిలింది. శక్తి పరిమితి దాటకుండా ఉంటే చాలు. అదే అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లా మీద పడడం వల్ల ఈ శుభవార్త మాకు అందలేదు. అప్పట్లో మేం వెతికింది గిగాహెర్ట్జ్ కాదు, కొవ్వొత్తులు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంటే గాల్లో పోరంబోకు అన్నమాట" అన్నారు. పోరంబోకు అన్న మాట వినగానే సభ్యులందరిలో ఒక ఉత్సాహం పుట్టింది. చందాలు ఆ సాయంత్రమే వసూలయ్యాయి.

ఇక తీగ. రాగి తీగ 100 మీటర్లు దాటితే సిగ్నలు నీరసించిపోతుందని రూలు. మా వీధి నూట ముప్పై. కాబట్టి మధ్యలో ఒకరింట్లో స్విచ్చి డబ్బా పెట్టాలి. మధ్యలో ఉన్నది కిరాణా షావుకారు ఇల్లు. ఐదు వాట్ల డబ్బా, నెలంతా రాత్రీ పగలూ వెలిగినా నాలుగు యూనిట్లు కాలదు. ఆ నాలుగు యూనిట్లకి షావుకారు ఉపాధ్యక్ష పదవి అడిగాడు. ఇచ్చాం. పెద్ద కంపెనీలు ఇలాంటి చోట డబ్బులిస్తాయట. పాపం, వాళ్ళ దగ్గర పదవులు ఉండవు.

చెరువు అవతలి రెండిళ్ళకి తీగ కుదరదు. డాబా మీంచి డాబా మీదికి చిన్న డిష్షులు బిగించాం. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటే చాలని నేననుకున్నాను. చాలదట. ఆ చూపు చుట్టూ దోసకాయ ఆకారంలో జాగా ఖాళీగా ఉండాలట. మా దోసకాయలోకి ఒక కొబ్బరిమట్ట వచ్చింది. చెట్టు పక్కింటి ఒడియా బాబుది. గాలి తూర్పుకి వీస్తే చెరువవతల నెట్టు వస్తుంది, పడమటికి వీస్తే పోతుంది. ఒక్క మట్ట కొట్టించమని సమితి తీర్మానం పంపితే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఆజ్ఞా, తిత్లీకే వంగి లేచిన చెట్టిది. మీ డబ్బాకి లొంగమంటారా?" అన్నాడు. చెట్టు ఉంది. దోసకాయే నలిగింది.

ఇళ్ళకి నంబర్లు ఇవ్వడం మాత్రం కన్నులపండువగా జరిగింది. సొంత నెట్‌వర్కులకని 10తో మొదలయ్యే చిరునామాలన్నీ ఊరికే వదిలేశారు. రిజిస్ట్రేషను లేదు, స్టాంపు డ్యూటీ లేదు. లెక్క కడితే 1,67,77,216 చిరునామాలు. పదకొండు ఇళ్ళకి! ఆ అంకె విన్న షావుకారు రెండు రోజులు నిద్రపోలేదు. మూలమీద బిట్లు తనకి రాయమని మూడోరోజు మా ఇంటికొచ్చాడు. ఇవే నంబర్లు ప్రపంచంలో ఎవరింట్లోనైనా ఎవరైనా వేసుకోవచ్చని కుర్రాడు చెప్పేసరికి, ఒకే ప్లాటు పదిమందికి అమ్మిన బ్రోకర్ని చూసినట్టు వాణ్ణి చూశాడు.

నంబరు తరవాత పేరు. నెట్‌వర్కుకి పేరు పెట్టే ఘట్టాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. మాస్టారు "పర్లాకిమిడి" అన్నారు. ఒడియా బాబు "పారళాఖెముండి" అన్నాడు. ఆఫీసు బోర్డుల మీద ఉన్నదే పేరని ఆయన, నోట్లో ఉన్నదే పేరని ఈయన. ఇది గిడుగు వారు బడిపంతులుగా పనిచేసిన ఊరనీ, నోటి మాటే మాటని ఆయన ఇక్కణ్ణుంచే పోరాడారనీ మాస్టారు బల్ల గుద్దారు. "ఆ గిడుగు వారే 1936లో ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు కదా ఆజ్ఞా" అన్నాడు ఒడియా బాబు మెత్తగా. నిజమే. ఊరు ఒడిశాలో కలవడం గిట్టక వెళ్ళిపోయారు. ఆయన సర్కిలు మార్చుకున్నారు, మనమే ఉండిపోయాం అని నేననబోయి, కార్యదర్శిని గనక మానేశాను. కంప్యూటరుకి ఒక్క స్పెల్లింగే కావాలి. ఎనభై తొంభై ఏళ్ళుగా రెండు పేర్లతో హాయిగా బతికిన ఊరికి అదెంత అవమానమో కంప్యూటరుకి అర్థం కాదు. చివరికి పేరు లేకుండా అంకెలతో సరిపెట్టాం. తెలుగంకెలా, ఒడియా అంకెలా అని ఎవరో అడగబోతే మాస్టారు సభ ముగించారు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. చెరువవతల సంబంధం పూర్తిగా తెగింది. అప్పుడు ఒడియా బాబు, చెట్టు గలవాడు కాబట్టి కొంత బాధ్యతతో, పావురాలని ప్రతిపాదించాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఒడిశా పోలీసులకి పావురాల టపా ఉంది, 1946లో మొదలైంది, అదీ మన కొరాపుట్‌లో. టెలిఫోను లేని కొండల్లో ఠాణాకీ ఠాణాకీ మధ్య కబుర్లు మోశాయవి. మేనల్లుడు ఆయన్ని బలపరిచాడు. పావురాల మీద ఇంటర్నెట్టు ప్యాకెట్లు ఎలా పంపాలో ఇంటర్నెట్టు పెద్దలే ఒక పత్రం వెలువరించారట. తేదీ 1990 ఏప్రిల్ 1. (చెప్పానా!) వేళాకోళానికి రాసినదాన్ని 2001లో నార్వేలోని బెర్గెన్ ఊరివాళ్ళు నిజంగా చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబొచ్చింది. ఒక్కోదానికి దాదాపు గంట నుంచి గంటా ముప్పావు పట్టింది.

నేను లెక్క వేశాను. పంతొమ్మిది రోజుల్లో కంపెనీకి నేను పెట్టిన ఫిర్యాదులు పద్నాలుగు, తిరిగొచ్చిన జవాబులు సున్నా. పావురం గెలిచింది. అయినా షావుకారు గింజల ధర చెప్పడంతో ప్రతిపాదన వీగిపోయింది.

ఇంతకీ అసలు ప్రారంభోత్సవం సంగతి. కొబ్బరికాయ కొట్టాం. వేగం సెకనుకి వెయ్యి మెగాబిట్లు. జిల్లా కలెక్టరుకైనా ఉంటుందో ఉండదో. పదకొండు ఇళ్ళవాళ్ళం ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. నిలబడే ఉన్నాం. అంత వేగంతో చూడ్డానికి ఏముందన్న విషయం ఏ సమావేశం ఎజెండాలోనూ రాలేదని అప్పుడు తెలిసింది.

ఉన్నవి మూడు. ఒకటి, షావుకారి కూతురి పెళ్ళి వీడియో, నాలుగున్నర గంటలు. మూడుసార్లు చూశాను. అందులో నేను రెండుచోట్ల ఆవలిస్తాను. రెండోది మా గేటు మీది కెమెరా. నేను రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతున్నానో అంతకుముందు మా ఆవిడకొక్కదానికే తెలిసేది. మూడోది, పాత ల్యాప్‌టాపులో కుర్రాడు దింపిపెట్టిన తెలుగు, ఒడియా వికీపీడియాలు. ఒడియాది 2002లో పుట్టింది, తెలుగుది 2003 ఆఖర్లో. ఏడాదిన్నర పెద్దరికం దొరికిందని ఒడియా బాబు ఆ రోజు వీధందరికీ ఛెనాపోడ పంచాడు. మాస్టారు తిన్నారు గానీ బాగుందని అనలేదు.

కుర్రాడు ధైర్యం చెప్పాడు. క్యూబాలో హవానా కుర్రాళ్ళు డాబాల మీంచి తీగలు లాక్కుని వేల ఇళ్ళు కలిపేశారట. ఇంటర్నెట్టు ఊసే లేకుండా ఆటలు, కబుర్లు. 2019లో ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టి దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ మాట విని సమితి కొన్నాళ్ళు ఉత్కంఠతో ఎదురుచూసింది. మమ్మల్ని ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు. రెండు రాష్ట్రాల మధ్య ఉండి కూడా ఒక్క కానిస్టేబులు రాలేదు.

వచ్చింది ఫిర్యాదులే. కార్యదర్శి ఇల్లు గనక మా ఇంటికే. "బాబూ, కొడుకు ఫోన్లో కనబడ్డం లేదు." కొడుకు బెంగుళూరులో ఉన్నాడమ్మా, మన నెట్టు చెరువు గట్టు దాటదు. "మరి దేనికిది?" ఇలా రోజుకి పది. వారం తిరిగేసరికి నా నోట్లోంచి వస్తున్న మాటలు విని నాకే ఒళ్ళు జలదరించింది. "డబ్బా ఆపి మళ్ళీ వెయ్యండి." "మీ సమస్య పైవాళ్ళ దృష్టిలో ఉంది." పైవాళ్ళంటే మేడ మీద పడుకున్న మేనల్లుడు. ఫిర్యాదులకి నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టాను. నలభై ఎనిమిది గంటలన్నాను. ఒకటో తారీకున చందా రసీదులు మాత్రం తెల్లారకముందే అన్ని గుమ్మాల్లోనూ వేయించాను. అందులో ఒక్కటీ ఆలస్యం కాలేదు.

శ్రావణంలో మాస్టారు అత్యవసర సమావేశం పెట్టారు. స్పెయిన్‌లో కాటలోనియా పల్లెలవాళ్ళు 2004 నుంచి ఇలాగే సొంత జాలం అల్లుకున్నారనీ, వేల ఇళ్ళకి అది పనిచేస్తోందనీ కుర్రాడు మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఆళ్ళు ఎక్కడో ఒకచోట బయటి ఇంటర్నెట్టుకి తగిలించుకున్నారా, లేదా?" అన్నారు మాస్టారు.

"తగిలించుకున్నారు మాస్టారూ."

"మరదేరా. రాజావారు పట్టాలు ఎక్కణ్ణుంచి ఏశారు? నౌపడ నుంచి. చిన్నబండిలో దిగిన ధాన్యం బస్తాని అక్కడ పెద్దబండిలోకి ఎక్కించేవోళ్ళు. నౌపడే లేకపోతే రాజావారి రైలు పర్లాకిమిడిలో ఎక్కి గుణుపురంలో దిగడానికే. మనం రైలేశాం, నౌపడ మరిచిపోనాం."

సభ నిశ్శబ్దమైపోయింది. నౌపడ కొనాలంటే మళ్ళీ కంపెనీయే గతి. పాత బకాయి కడితే గానీ కొత్త కనెక్షను ఇవ్వమన్నారు. అప్పుడు కుర్రాడు గొంతు సవరించుకుని, నౌపడ మన వీధిలోనే ఉందన్నాడు. ఎదురింటి మామ్మగారు. ఆవిడ తీగ స్తంభాల మీంచి వస్తుంది. జేసీబీ దాన్ని ముట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ సాయంత్రాలు మనవరాలితో వీడియోలో మాట్లాడుకుంటూ మా ఉద్యమాన్ని కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒకరి కనెక్షను పదిమందికి పంచితే తప్పు కాదా అని ఒడియా బాబు అడిగాడు. పంచి డబ్బులు పుచ్చుకుంటే వ్యాపారమవుతుందనీ, దానికి 2020లో పీఎం-వాణి అని ఒక పద్ధతి పెట్టారనీ, పీసీవో బడ్డీ మాదిరి లైసెన్సు లేకుండానే నడుపుకోవచ్చనీ, అయితే దానికీ కాయితాలుంటాయనీ కుర్రాడన్నాడు. కాయితాలంటే నా స్టాంపు నాకు గుర్తొచ్చింది.

ప్రతినిధిగా నన్నే పంపారు. తొమ్మిదైంది. మామ్మగారి ఇంట్లో నీలం వెలుగు కనబడుతోంది. తలుపు కొట్టాను. జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. లోపల్నుంచి తాపీగా గొంతు వినబడింది.

"ఎవులది? తెలుగుకైతే ఒకపాలి కొట్టు బాబూ, ఒడియాకైతే రెండుపాలు."