మూడు కిలోల దూరం

లివర్‌పూల్‌లో 2025 సెప్టెంబరులో జరిగిన ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో 48 కిలోల విభాగం స్వర్ణం మన దేశానికి వచ్చింది. హర్యానాలోని రోహతక్ జిల్లా రుర్కీ గ్రామానికి చెందిన మీనాక్షి హుడా, ఒక ఆటో డ్రైవరు కూతురు, ఫైనల్లో పారిస్ ఒలింపిక్ కాంస్య విజేత అయిన కజకిస్థాన్ బాక్సర్ నజీమ్ కిజైబేను 4-1తో ఓడించి జగజ్జేతగా నిలిచింది. అయితే ఆ కిరీటం 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అక్కరకు రాదు. అక్కడ మహిళల పోటీలు 51 కిలోల దగ్గర మొదలవుతాయి గనుక 48 కిలోల విజేతకు ఆ బరిలో చోటు లేదు. ప్రపంచ విజేత అయినా పెద్ద వేదిక ఎక్కాలంటే ఆమె మూడు కిలోలు పైకి వెళ్లక తప్పదు. వెళ్లాలా, వద్దా అన్నదే ఇప్పుడు చర్చ. వెళ్లాలన్నదే మా అభిప్రాయం. కానీ ఆ నిర్ణయం ఇప్పుడే జరగాలి, ఒకసారి వెళ్లాక పతకాల కోసం మళ్లీ ఆమెను కిందికి లాగకూడదు.

మూడు కిలోలేనా అనిపించవచ్చు. పండక్కి ఇంటికి వెళ్లి వారం రోజులు ఉండి వస్తే మనలో చాలామందికి పెరిగే బరువు అంతే. కానీ 48 కిలోల శరీరానికి మూడు కిలోలంటే ఆరు శాతానికి పైమాట. ఆ పెరిగేది కొవ్వు కాకుండా కండ కావాలి. ఆ కండ పంచ్‌కు బలం ఇవ్వాలే తప్ప కాళ్ల వేగాన్ని తినేయకూడదు. పైగా ఎదురుగా నిలిచే వారిలో చాలామంది ఏళ్ల తరబడి ఆ బరువులోనే పెరిగినవారు, ఎత్తులోనూ చేతి పొడవులోనూ ఎక్కువ ఉన్నవారు. కింది విభాగంలో దూరం నుంచే తగిలిన దెబ్బ ఇక్కడ గాలిలో పోవచ్చు. అక్కడ కాచుకోగలిగిన దెబ్బకు ఇక్కడ మెడ వెనక్కి వాలవచ్చు. శిబిరంలో సాధనకు నిలబెట్టే జోడీ మొదలుకొని రోజూ తినే పళ్లెం దాకా అన్నీ మారాలి, దానికి నెలలు పడుతుంది.

ఈ దారిలో నడిచిన పెద్ద పేరు మనకు ఇంట్లోనే ఉంది. మేరీ కోమ్ 2002లో 45 కిలోల్లో, ఆ తర్వాత మూడుసార్లు 46లో, 2010లో 48లో ప్రపంచ విజేత అయింది. మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన 2012లో లండన్ ఇచ్చినవి మూడే విభాగాలు: 51, 60, 75. అయిదుసార్లు జగజ్జేత అయిన మనిషి, ఇద్దరు కవల పిల్లల తల్లి, తనకన్నా ఒడ్డూ పొడవూ ఉన్నవారి మధ్యకు వెళ్లి కాంస్యంతో తిరిగివచ్చింది. సెమీఫైనల్లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది. ఆ కాంస్యాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆమె అంతకు ముందే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 51 కిలోల్లో బరిలోకి దిగి కాంస్యం గెలిచిందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. అంటే లండన్ సాహసం వెనుక కనీసం రెండేళ్ల అలవాటు ఉంది. 2018లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె మళ్లీ 48కి దిగి ఆరో స్వర్ణం అందుకుంది. 2019లో టోక్యో కోసం తిరిగి 51కి ఎక్కింది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. ఆ ఏడాది ప్రపంచ పోటీల్లో కాంస్యం దక్కినా టోక్యోలో రెండో బౌట్ దాటలేకపోయింది. వయసు ప్రధాన కారణం కావచ్చు. కిందికీ పైకీ తిప్పిన ఆ శరీరం కూడా కొంత లెక్క అడిగి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బరువు పెంచడం వెనుక డబ్బూ పేరూ ఉంటాయి. ఆ ఉదాహరణలు చూపి మన అమ్మాయిలను తొందరపెట్టేవారు రెండో వైపు కూడా చూడాలి. వెల్టర్‌వెయిట్ (147 పౌండ్ల) విజేత కెల్ బ్రూక్ 2016 సెప్టెంబరులో ఒక్కసారిగా రెండు విభాగాలు దాటి, 160 పౌండ్ల బరిలో గెన్నాడీ గొలోవ్‌కిన్‌తో తలపడ్డాడు. కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది, అయిదో రౌండులో అతని శిక్షణ బృందమే ఓటమి ఒప్పుకుంటూ తువ్వాలు విసిరింది. తిరిగి తన బరువుకు వచ్చి 2017 మేలో ఎరల్ స్పెన్స్‌తో ఆడితే రెండో కంటి ఎముక కూడా విరిగి కిరీటం పోయింది. 2025 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో టెరెన్స్ క్రాఫర్డ్ మాత్రం 154 నుంచి 168 పౌండ్లకు ఎగబాకి కానెలో అల్వారెజ్‌ను పాయింట్ల మీద ఓడించాడు. ఆ పోరుకు ముందు అతను ఏడాదికి పైగా బరిలోకే దిగలేదు. ఇద్దరి ప్రతిభలో తేడా ఉందనుకున్నా, ఒకరు తీసుకున్న వ్యవధి మరొకరికి లేదన్నది కాదనలేనిది.

ఒలింపిక్ శైలి పోటీల్లో ఇంకో చిక్కు ఉంది. ప్రొఫెషనల్ బాక్సర్‌ను సాధారణంగా పోరుకు ముందురోజు తూకం వేస్తారు, రాత్రికి తిని తాగి కోలుకోవచ్చు. ఒలింపిక్ బాక్సర్ బౌట్ ఉన్న ప్రతి ఉదయమూ తూకం యంత్రం ఎక్కాలి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత అయిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, ఒలింపిక్ విభాగం కోసం 50కి దిగి, 2023లో అందులోనూ స్వర్ణం గెలిచింది. పారిస్‌లో మాత్రం చైనా బాక్సర్ వూ యూ చేతిలో రెండో బౌట్‌లోనే ఓడి, బరువు అదుపు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్నానని కన్నీళ్లతో చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ వూ యూ కూడా 2023లో 52 కిలోల విజేతే, ఆమె కూడా 50కి దిగి వచ్చినదే. దిగివచ్చిన ఇద్దరిలో ఒకరికి స్వర్ణం, ఒకరికి కన్నీళ్లు. అందుకే పైకి వెళ్లడమే ఎప్పుడూ మంచిదనో, దిగడమే ఎప్పుడూ తప్పనో సూత్రం కట్టడం సాధ్యం కాదు. ఎముకల గూడు ఎంత మోయగలదో వైద్యుడు, శిక్షకుడు, బాక్సర్ కలిసి తేల్చుకోవాలి. పతకాల పట్టికను ముందు పెట్టుకుని తేల్చేది కాదది.

వేళకు కదిలితే ఏం జరుగుతుందో లవ్లీనా బొర్గోహెయిన్ చూపింది. టోక్యోలో ఆమె కాంస్యం గెలిచిన 69 కిలోల విభాగం పారిస్ జాబితాలో లేకపోవడంతో 2022 నవంబరు నాటికే 75కి మారి ఆసియా విజేత, మరుసటి మార్చిలో ప్రపంచ విజేత అయింది. పారిస్‌లో క్వార్టర్ ఫైనల్ వరకూ వెళ్లింది. 2023లో 48 కిలోల ప్రపంచ స్వర్ణం గెలిచిన నీతూ ఘంఘాస్ పరిస్థితి వేరు. పారిస్‌లో 48 లేదు, 50లో నిఖత్ ఉండటంతో ఆమె ఏకంగా 54కు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ప్రీతి పవార్‌కు చోటు దక్కింది, నీతూకు పారిస్ దారి మూసుకుపోయింది.

మీనాక్షి ఎక్కాల్సిన 51లో 2025 చివరికి ఉన్నది నిఖతే. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 48లో మీనాక్షి, 51లో నిఖత్ స్వర్ణాలు గెలిచారు. తెలుగు పాఠకులకు ఇది ఇరకాటమే, మన అమ్మాయి చోటుకు మరొకరు వస్తున్నారంటే మనసు ఒప్పుకోదు. కానీ 2019లో ఇదే 51 కిలోల చోటు కోసం, 23 ఏళ్ల నిఖత్ నాటి క్రీడల మంత్రికి లేఖ రాసి, మేరీ కోమ్‌తో తనకు ఎంపిక పోటీ పెట్టాలని అడిగింది. పెద్ద పేరు ముందు చిన్న గొంతు వినపడదేమోనన్న ఆ భయం న్యాయమైనదని అప్పట్లో ఆమెకు మద్దతు పలికిన తెలుగువాళ్లందరం ఈ రోజు రుర్కీ అమ్మాయికి అదే న్యాయం వద్దనలేము.

కాబట్టి బాక్సింగ్ సమాఖ్య చేయాల్సింది స్పష్టంగానే ఉంది. 48లో ఇంకో ప్రపంచ పతకం ఖాయమన్న ఆశతో మీనాక్షిని అక్కడే ఆపి, ఒలింపిక్ అర్హత ఏడాదిలో హడావుడిగా 51కి తోయడం ఆమె పట్ల అన్యాయం, నిఖత్ పట్ల కూడా. మారాలని ఆమె కోరుకుంటే రెండు విభాగాల మధ్య ఊగిసలాట లేకుండా ఒక పూర్తి సీజన్ ఇవ్వాలి. ఆ సీజన్‌లో పతకాలు తగ్గినా ప్రభుత్వ ఆర్థిక సాయంలో కోత పడకూడదు. చివరికి ఇద్దరి మధ్యా నిర్ణయం శిబిరంలో నాలుగు గోడల మధ్య మార్కుల మదింపుతో కాకుండా, తేదీ ముందే ప్రకటించిన బహిరంగ బౌట్‌లో, న్యాయనిర్ణేతల స్కోరు అందరికీ కనిపించేలా జరగాలి. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో జరిగిన ఆ ఎంపిక పోటీలో నిఖత్ మేరీ కోమ్ చేతిలో 1-9తో ఓడిపోయింది. ఓడినా, ఆ బౌట్ ఆమె అడిగినందువల్లే జరిగింది.