కోర్ల మధ్య కబుర్లకూ ఖర్చుంది
ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) ఉంటే పని ఎనిమిది రెట్లు వేగంగా సాగుతుందని మీ వ్యాసంలో రాశారు. రచయిత గారూ, ఆ కోర్లు పరస్పరం కబురు పంపుకోవడానికి పట్టే సమయాన్ని వదిలేశారు. 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మెసి ప్రోటోకాల్‌నే చూడండి. కోర్ల క్యాష్‌లలో, అంటే ఒక్కో కోర్ దగ్గరుండే చిన్న వేగవంతమైన మెమరీలలో, ఉన్న నకళ్లు పొంతన తప్పకుండా చూసే నియమావళి అది. ఒక విలువ నకళ్లు ఇతర కోర్ల క్యాష్‌లలోనూ ఉంటే, దాన్ని మార్చబోయే కోర్ ముందుగా అవి చెల్లవని చెప్పాలి. అదీ ఒక్క అంకెకు కాదు, మొత్తం క్యాష్ లైనుకు, అంటే క్యాష్ ఒకేసారి తెచ్చుకునే డేటా ముక్కకు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో సాధారణంగా అది 64 బైట్లు. అందుకే రెండు కోర్లపై నడిచే రెండు థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఏకకాలంలో సాగే పనులు) ఒకే లైనులో పక్కపక్కనే ఉన్న వేర్వేరు కౌంటర్లను పెంచుతున్నా, ఆ లైను రెండు కోర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఒకరి డేటా మరొకరు ముట్టుకోకపోయినా ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది! కౌంటర్ల మధ్య ఖాళీ బైట్లు పెట్టి వేర్వేరు లైన్లలోకి జరిపితే చాలు, మళ్లీ పుంజుకుంటుంది. విద్యార్థులు చదివే వ్యాసం ఇది, దయచేసి ఈ సంగతి చేర్చండి.