పాట ఆపే బటన్‌ను దాని చోటే ఉండనివ్వండి

పొద్దున ఆరున్నరకు మా నాయన నా గది తలుపు కొట్టి ఫోన్ చేతిలో పెట్టాడు. "ఇదేదో చెడిపోయినట్టుంది చూడబ్బా. పాలాయన వచ్చినాడని ఆపబోతే పద్యం పోయి ఇంకేదో అరుస్తాంది" అన్నాడు. చూశాను. ఏమీ చెడిపోలేదు. రాత్రి మేం పడుకున్నాక ఆ పాటల యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. నిన్నటిదాకా పాట ఆపే బటన్ ఉన్న చోట ఈరోజు తర్వాతి పాటకు పోయే బటన్ ఉంది. అంతే జరిగింది. డెబ్బై ఆరేళ్ల మనిషి మూడు నెలలు కష్టపడి ఆ చోటును గుర్తుపెట్టుకున్నాడు. అద్దాలు పెట్టుకోకపోయినా వేలు నేరుగా అక్కడికే పోయేది. ఆ చోటును ఒక్క రాత్రిలో మార్చేశారు. పొద్దుటి నుంచి నా కోపం తగ్గడం లేదు, అందుకే రాస్తున్నాను.

మా నాయన వినేది పద్యనాటకాలు. మా ఊరు చక్రాయపేట మండలంలో, సురభికి దగ్గర. 1885లో మొదలై తెలుగునాడంతా తిరిగిన సురభి నాటకాలకు పేరిచ్చిన ఊరు అది. అటువైపు పుట్టినవాళ్లకు పద్యం ఎంత ముఖ్యమో మన కడప వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. నాలుగు పాదాలు అయిపోయాక చివర రాగం తీస్తారే, దాని కోసమే తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. నటుడు రాగం ఎత్తుకుంటే హార్మోనియం వెంటబడాలి, ఆయన దించేదాకా జనం కదలకూడదు. ఈ యాప్ ఆ చివరి ఐదారు సెకన్లను మింగేస్తుంది. ఒకటి అయిపోకముందే రెండోదాన్ని దాని మీదికి తెచ్చి కలిపే క్రాస్‌ఫేడ్ అని ఒక సెట్టింగ్ ఉంది. పెళ్లి ఊరేగింపు పాటలకు అది బాగానే ఉండొచ్చు. పద్యానికి మాత్రం గొంతు నొక్కినట్టే. నేను ఎప్పుడో దాన్ని ఆపేసి పెట్టాను. రాత్రి అప్‌డేట్ మళ్లీ ఆన్ చేసింది.

పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటాం కదా. మా నాయన చిన్నప్పుడు నేలమీద కూర్చున్న కూలివాడు అరిచినా నటుడు మళ్లీ పాడేవాడట. ఇప్పుడు ఫోన్‌లో ఆ పద్యాన్నే వెనక్కి తిప్పుకుందామంటే, నెలనెలా డబ్బు కట్టినవాళ్లకే ఆ వీలు అని బోర్డు వస్తుంది. ప్రకటనలు పెట్టుకోండి, వింటాం, మాకు అభ్యంతరం లేదు. కానీ వింటున్నదాన్ని ఒక్క పది సెకన్లు వెనక్కి జరుపుకోవడానికి కూడా వెల కడతారా? పోనీ డబ్బు కట్టి చూశాను. ఒక నెల కట్టాను. వెనక్కి జరిపే గీత దారమంత సన్నం, దాని కిందే ఆపే బటన్. ఒకదాన్ని పట్టబోతే ఇంకొకటి తగులుతుంది. నలభై నిమిషాల నాటకం ముప్పై ఐదో నిమిషంలో ఉండగా వేలు ఆ గీతకు తగిలిందంటే మళ్లీ మొదటికి పోయినట్టే. ఎక్కడ వదిలామో వెతుక్కోవడం మా నాయన వల్ల అవుతుందా?

చిన్న స్క్రీన్‌లో పెద్ద బటన్లు పట్టవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వేలితో నొక్కేది ఏదైనా కనీసం 48 డీపీ (అది స్క్రీన్ మీద వాడే కొలత) ఉండాలని, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, గూగుల్ తన డిజైన్ సూచనల్లోనే చెప్పింది. ఆపిల్ తన కొలతలో 44 పాయింట్లు ఉండాలంది. సంగతి తెలిసినవాళ్లే ఇవి రాశారు. చేసేవాళ్లు మాత్రం స్క్రీన్‌లో సగం పైగా ఆల్బమ్ బొమ్మకు ఇచ్చేసి, మనకు పనికొచ్చేవన్నీ అడుగున ఇరికిస్తారు. బొమ్మను చూస్తూ పాట వినేవాళ్లు ఎవరున్నారు?

మా నాయన చేతుల గురించి కూడా చెప్పాలి. యాభై ఏళ్లు శనక్కాయలు పీకిన చేతులు అవి. కాయలు కాచి ఎండిపోయిన వేలిని టచ్ స్క్రీన్ ఒక్కోసారి గుర్తుపట్టదు. గుర్తుపట్టలేదని ఆయన గట్టిగా, ఇంకాస్త సేపు నొక్కుతాడు. అలా నొక్కితే ఇంకో మెనూ తెరుచుకుంటుంది. షేర్ చెయ్యమంటుంది, ప్లేలిస్టులో చేర్చమంటుంది. ఆపమని అడిగిన మనిషిని ఇన్ని ప్రశ్నలు అడగడం ఏం మర్యాద! రేడియో, క్యాసెట్ రెండూ పాడే మా పాత టూ ఇన్ వన్‌లో మీట నొక్కితే టక్కుమని లోపలికి దిగేది. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసేది. రాత్రి ఆపిన క్యాసెట్ పొద్దున అక్కడి నుంచే పాడేది. 1963లో మొదలైన మన కడప ఆకాశవాణి వినడానికి మా ఇంట్లో ఉన్న రేడియోకు రెండే తిప్పుడు బిళ్లలు. ఒకటి స్టేషన్‌కు, ఒకటి సౌండుకు. అవి ఎన్నడూ చోటు మారలేదు.

షఫుల్ సంగతి మరీ దారుణం. కొన్ని నాటకాలను పద్యం పద్యంగా ముక్కలు చేసి పెట్టారు కదా, పైన కనిపించే పెద్ద బటన్ నొక్కితే అవి కలగాపులగంగా వస్తాయి. యుద్ధం ముందు, రాయబారం తర్వాత. 2021 నవంబరులో అడెల్ అనే గాయని, తన పాటల వరుసలో ఒక కథ ఉంది, దాన్ని చెదరగొట్టొద్దు అని అడిగితే స్పాటిఫై అనే పాటల యాప్, డబ్బు కట్టేవాళ్లకు ఆల్బమ్‌ల మీద ఆ పెద్ద బటన్ నొక్కితే పాటలు వరుసలోనే వచ్చేలా మార్చింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు, న్యాయమే. పద్యనాటకానికి మాత్రం వరుస లేదా? మన తరఫున అడిగేవాళ్లు లేకపోవడమే కదా దీనికి కారణం.

ఇదంతా బెంగళూరులో ఉండే మా అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "నాయనకు ఫోన్ వాడటం రాదులేరా, రోజూ నేర్పిస్తే అదే అలవాటవుతుంది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. నేర్చుకున్నాడయ్యా! మూడు నెలలు పట్టినా నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని మార్చేస్తే ఎవరిది తప్పు? ఆ టూ ఇన్ వన్‌ను అటక మీద నుంచి దించి పాతసామాన్ల బండికి వేసిందీ మా అన్నే. ఇంటికి సున్నం వేయించిన ఏడాది, మేము ఊళ్లో లేనప్పుడు. బెల్టు సాగిపోయింది, ఇంక పనికిరాదన్నాడు. రబ్బరు బెల్టు మారిస్తే పాడేది. ఎంతిచ్చారని అడిగితే నూటయాభై అన్నాడు. మా నాయన ఆరోజు ఏమీ అనలేదు. ఈరోజు కూడా ఏమీ అనలేదు. ఫోన్ తిరిగి ఇవ్వబోతే "నాకొద్దులే, నీ దగ్గరే పెట్టుకో" అని వసారాలోకి పోయి కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఇంట్లో పద్యం వినపడలేదు. ఆ యాప్ చేసినవాళ్ల మీద, మా అన్న మీద నా కోపమంతా దాని గురించే.

క్యాసెట్లు మాత్రం ఉన్నాయి. ట్రంకుపెట్టెలో ఉన్నందుకు అవి మిగిలాయి, ముప్పైకి పైనే. కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ ఎవరింట్లోనైనా పాడే టూ ఇన్ వన్ ఉంటే, కనీసం బెల్టు మార్చి ఇచ్చే మెకానిక్ తెలిసినా, ఈ వారంలో నాకు చెప్పండి. నేనే వచ్చి తీసుకుపోతాను. ధర మీరు చెప్పిందే.