సాన్‌ఫోర్డ్ స్టేక్స్: ఆ ఓటమి గుర్రానిది కాదు

అమెరికా పందెపు గుర్రం మ్యాన్ ఓ వార్ 21 పందేల్లో 20 గెలిచింది. ఓడిపోయిన ఆ ఒక్కటీ 1919 ఆగస్టు 13న న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగాలో జరిగిన సాన్‌ఫోర్డ్ స్టేక్స్. రెండేళ్ల గుర్రాలకు పెట్టే ఆరు ఫర్లాంగుల పందెం అది. అంటే దాదాపు 1,200 మీటర్లు. గెలిచిన గుర్రం పేరు అప్‌సెట్. ఆటల్లో అనుకోని ఓటమిని ‘అప్‌సెట్’ అనడం ఆ రోజే మొదలైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట 1877 నాటికే పత్రికల్లో ఉంది.

నా బాధ ఏమిటంటే, ఈ కథంతా గెలుపు గీత దగ్గరే తిరుగుతుంది. చూడాల్సింది మొదలైన చోట. అప్పటికి ఇప్పటిలా స్టార్టింగ్ గేట్లు లేవు. ట్రాక్‌కు అడ్డంగా కట్టిన పట్టీ వెనక గుర్రాలు అటూ ఇటూ తిరుగుతూ, బెదురుతూ నిలబడేవి. పట్టీ పైకి లేవగానే పరుగు. రోజూ ఆ పట్టీ లేపే స్టార్టర్ ఆ రోజు రాలేదు, ఆయన స్థానంలో వేరొకరు నిలబడ్డారు. మ్యాన్ ఓ వార్ సరిగ్గా కదల్లేకపోయింది. తర్వాత రెయిలింగ్ పక్కన మిగతా గుర్రాల మధ్య ఇరుక్కుంది. జాకీ జానీ లాఫ్టస్ దాన్ని బయటికి తెచ్చేసరికి దారి అయిపోవస్తోంది. అయినా దూసుకొచ్చి అర లెంగ్త్ తేడాలో, అంటే గుర్రం పొడవులో సగం దూరంలో ఆగింది.

జాకీ, జీనుతో కలిపి గుర్రం మోయాల్సిన బరువు సంగతి కూడా చెప్పాలి. మ్యాన్ ఓ వార్ మీద 130 పౌండ్లు, అప్‌సెట్ మీద 115. దాదాపు ఏడు కిలోల తేడా. మ్యాన్ ఓ వార్ 1917 మార్చి 29న పుట్టిన పిల్ల, నిండా రెండున్నరేళ్లు కూడా లేవు. ఉత్తరార్ధగోళంలో పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది కాబట్టి కాగితం మీద రెండేళ్లంటే ఒంట్లో కూడా అంతేనని అనుకోలేం. ఎముకలు ఇంకా పెరుగుతున్న దశ. ఆ వయసులో ఓటమికి గుర్రాన్ని తప్పుపట్టడం అన్యాయం. బరువు నిర్ణయించింది, పట్టీ లేపింది, కళ్లెం పట్టింది మనుషులే కదా!

ఈ పందెం 1913లో మొదలైంది. జూద వ్యతిరేక చట్టాల వల్ల 1911, 1912లో మూతపడిన సారటోగా ట్రాక్ మళ్లీ తెరుచుకున్న ఏడాదే అది. 1914లో గెలిచిన రిగ్రెట్ మరుసటి ఏడాది అమెరికాలో పేరుమోసిన కెంటకీ డెర్బీ పందెం గెలిచిన తొలి ఆడగుర్రం అయింది. 1972లో సెక్రటేరియట్ అనే గుర్రం ముందున్న రెండు గుర్రాల సందులోంచి దూసుకెళ్లి గెలిచింది. ఇంత చరిత్ర ఉన్నా, సాన్‌ఫోర్డ్ అనగానే జనానికి గుర్తొచ్చేది 1919 ఓటమే.

పది రోజుల తర్వాత అదే ట్రాక్‌లో, అదే ఆరు ఫర్లాంగులకు గ్రాండ్ యూనియన్ హోటల్ స్టేక్స్ జరిగింది. మ్యాన్ ఓ వార్ మీద మళ్లీ 130 పౌండ్లే. ఈసారి వెనక మిగిలింది అప్‌సెట్.