ఇస్పేటుకు జరిగిన అన్యాయం

పేకాట వచ్చినవాడికి ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్ రాదు. గాంధీ రోడ్డు టీకొట్టు దగ్గర మా మామ రోజూ పొద్దున్నే చేసే తీర్మానం ఇది. 40 ఏళ్లుగా 13 ముక్కలు పట్టిన చెయ్యి ఆయనది. ఆఠీను రాణి ఎవరి దగ్గరుందో మొహం చూసి చెప్పేస్తాడు. అంతటి మనిషిని పేపర్లో ఒక మూల గళ్లు ఓడిస్తున్నాయంటే, తిరుపతి పరువు పోయినట్టే.

అసలు కుట్ర ఏంటంటే, క్రాస్‌వర్డ్ కట్టేవాళ్లకి ముక్కతో పనిలేదు, దాని ఇంగ్లిష్ పేరులో మొదటి అక్షరం చాలు. ఇస్పేటు అంటే ఎస్, ఆఠీను హెచ్, డైమన్ డి, కళావరు సి. చేతిలో రాజున్నాడా, రెండుందా అని అడిగే నాథుడు లేడు. మొన్న నేనే ఒక క్లూ కట్టిచ్చాను: 'ఇస్పేటు, బల్ల: గుర్రాల ఇల్లు, ఆరు అక్షరాలు.'

"బల్లమీద ఇస్పేటు వేస్తే గుర్రం ఎందుకొస్తుంది అల్లుడూ? రేసులా?" అన్నాడు.

ఎస్ పక్కన టేబుల్ పెడితే స్టేబుల్ అని చెప్పాక, టీ చల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

ఆఠీనుది మరీ ఘోరం. 'హార్ట్స్' అంటే హెచ్ అంటారు కదా, 'హార్ట్' అంటే ఒక్కోసారి మాటకి నడిమధ్య అక్షరం. 'హార్ట్‌లెస్' అంటే దాన్ని పీకెయ్యమని. పోనీ ఎస్‌ని నమ్ముదామా అంటే, బ్రిడ్జి అనే పేకాటలో దక్షిణాన కూర్చున్నవాడూ ఎస్సే. రమ్మీలో దిక్కులు చూసేది వాస్తు పిచ్చి ఉన్నవాళ్లే.

చట్టం మాత్రం మామ పక్షమే. 1955 నాటి బహుమతి పోటీల చట్టం క్రాస్‌వర్డ్‌ని పేరుపెట్టి మరీ పట్టుకుంది, నెలకి బహుమతుల విలువ వెయ్యి రూపాయలు దాటకూడదంది. రమ్మీకేమో 1967లో, అదీ మన రాష్ట్రం కేసులోనే, ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటని సుప్రీంకోర్టే చెప్పింది. 2020లో ఇక్కడ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు కదా మామా అంటే, అది ఫోను చేసిన తప్పు, ముక్కది కాదంటాడు.

ఇప్పుడాయన దగ్గరో అర్జీ ఉంది. 1613లో పులికాట్‌లో కోట కట్టిన డచ్చివాళ్ల భాషలో కళావరుని 'క్లావర్' అంటారు. ఆ పులికాట్ సరస్సు కొంత మన జిల్లాలోనే ఉంది. కాబట్టి స్థానికుల కోటాలో కళావరుకి సి బదులు కె ఇవ్వాలి.

అర్జీకి జవాబు రాకముందే గడిలో కె దిద్దేశాడు.

"క్రాస్‌వర్డ్‌లో కె అంటే రాజు మామా."

"కళావరు రాజు. షో," అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.